బొమ్మ కనపడకుండా బొమ్మల గురించి ఏం వింటారండీ?

ఆడియో పుస్తకాలకు ప్రూఫ్ వినడం నా పని. అచ్చు పుస్తకం ముందేసుకుని, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, చదివింది అచ్చుతో సరిపోయిందా లేదా అని వాక్యం వాక్యం పట్టి చూడాలి. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి రాజకీయాలు, కళాచరిత్ర. ఈ రెండోది చెప్పగానే అందరూ అడిగే ప్రశ్నే పైన పెట్టాను.

అపోహ: బొమ్మలు చూడలేకపోతే కళాచరిత్ర వినడం దండగ.

కళాచరిత్రలో సగం కథే. అమరావతి స్తూపం సంగతే తీసుకోండి. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో మద్రాసులో పనిచేసే కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ శిల్పాలు కొన్ని మద్రాసులో, కొన్ని లండన్‌లో తేలాయి. ఎవరు చెక్కించారు, ఎవరు పీక్కెళ్లారు, ఎందుకు? ఇవన్నీ చెవికి ఎక్కే విషయాలే.

మరి శిల్పం మాటేమిటి అంటారా? చెన్నై మ్యూజియంలో నలగిరి ఏనుగు ఫలకం ఉంది. గుండ్రటి రాయి. ఎడమ పక్క మదమెక్కిన ఏనుగు మనుషుల మీద పడుతోంది, పైన కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే రాతిలో ఒకే ఏనుగు రెండుసార్లు! ఎడమ నుంచి కుడికి ఇలా వరసగా చెబితే ఎవరికైనా అందుతుంది. ఫొటో చూసి కూడా అక్కడ రెండు ఏనుగులున్నాయనుకునేవాళ్లు నాకు తెలుసు. అసలు ఇబ్బంది "పక్క పేజీలో చిత్రం చూడండి" అని రాసి చేతులు దులుపుకునే పుస్తకాలతో. ఆ వాక్యాన్ని రీడర్ ఉన్నదున్నట్టు చదివేస్తే బస్సులో వినేవాడు ఏ పేజీ చూస్తాడు? అలాంటి చోటల్లా నేను ఎర్రగీత పెట్టి, రెండు ముక్కల్లో వర్ణన చేర్చమంటాను.

ఈ అపోహ వల్ల ఎక్కువ నష్టపోయేది చూపు లేనివాళ్లు. గ్రూప్-1కి చదువుతున్న ఒకమ్మాయికి చూపు తగ్గిపోతోంది. వాళ్లమ్మ ఫోన్ చేసి, "ఆర్ట్ అండ్ కల్చర్ వదిలేయమంటున్నారండీ, నిజమేనా?" అని అడిగారు. ఆ గొంతులో టెన్షన్ వింటే నాకు కడుపు తరుక్కుపోయింది. వదలొద్దమ్మా అన్నాను. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. చూపు లేనివాళ్ల కోసం, లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని ఆడియోగానో బ్రెయిల్‌గానో మార్చడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. చూపు లేనివాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో వెతకమని చెప్పాను. అచ్చు చదవలేనివాళ్ల కోసం రూపొందిన డైసీ ఫార్మాట్‌లో దొరికితే ఇంకా మంచిది, అధ్యాయం నుంచి అధ్యాయానికి నేరుగా వెళ్లొచ్చు.

అపోహ: రాజకీయ పుస్తకం ఆవేశంగా చదవాలి.

వద్దు బాబూ. ఆవేశం సభల్లో సరిపోతుంది. ఇక్కడ తెలియాల్సింది ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నది. 1975 జూన్ 26 పొద్దున ఇందిరా గాంధీ రేడియోలో ఎమర్జెన్సీ సంగతి చెప్పి, భయపడాల్సిన పనేమీ లేదన్నారు. అచ్చులో దీనికి కొటేషన్ గుర్తులుంటాయి, చెవికి ఉండవు. ముందూ వెనకా చిన్న విరామం ఇవ్వకపోతే, భయపడొద్దని రచయితే మనకు భరోసా ఇస్తున్నట్టు వినిపిస్తుంది! పుస్తకం అర్థమే తిరగబడుతుంది.

అపోహ: స్పీడ్ పెంచి వింటే విన్నట్టు కాదు.

మీ చెవి, మీ ఇష్టం. తేదీలు దొర్లే చోట మాత్రం కాస్త తగ్గించుకోండి.

అపోహ: ఆడియో వింటే మెదడు మొద్దుబారుతుంది.

ఆధారం అడిగితే ఇంకో వాట్సాప్ ఫార్వర్డ్ వస్తుంది.

అపోహ: అచ్చులో ఉన్నదంతా ఆడియోలో ఉంటుంది.

ఉండకపోవచ్చు. కొనేముందు నిడివి చూడండి. 400 పేజీల పుస్తకం 3 గంటల్లో అయిపోతోందంటే అది సంక్షిప్తమే. బొమ్మలు, మ్యాపులు విడిగా పీడీఎఫ్‌లో ఇస్తున్నారేమో కూడా చూసుకోండి. చాలామంది దాన్ని తెరవనే తెరవరు.