ముతక గుడ్డకు పుట్టిన బీరువా

ఏసీబీ అధికారులు ఫలానా ఉద్యోగి ఇంట్లో బీరువా తెరిపించి నగలు లెక్కపెట్టారని పేపర్లో తరచూ చదువుతుంటాం. సోదాకు వచ్చిన సంస్థ పేరు చివరి ‘బ్యూరో’, లోపల తాళం పడిన ‘బీరువా’ రెండూ ఒకే ఫ్రెంచి మాట. మొదట్లో అది ఆఫీసూ కాదు, సామానూ కాదు. బట్ట.

లాటిన్‌లో ‘బుర్రా’ అంటే గరుకు ఉన్ని. (మన బుర్రతో చుట్టరికమేమీ లేదు.) దాన్నుంచి పాత ఫ్రెంచిలో ‘బ్యూర్’, ‘బ్యూరెల్’ పుట్టాయి. పేదలూ, మఠాల్లో సన్యాసులూ తొడుక్కునే ముతక ఉన్ని బట్ట అది. ఇంగ్లీషులోకి ముందుగా వెళ్లింది ఈ అర్థమే. 14వ శతాబ్దపు కవి చాసర్ సృష్టించిన ఒక పాత్ర తాను ‘బ్యూరెల్’ మనిషినని వినయంగా చెప్పుకుంటుంది. పెద్దగా చదువుకోనివాణ్ని, మోటువాణ్ని అని భావం. తర్వాత్తర్వాత ఫైళ్లతో లోకాన్ని ఏలబోయే మాట అప్పట్లో చదువురాని వాళ్ల బిరుదన్నమాట.

ఫ్రాన్సులో లెక్కలు చూసుకునే బల్లల మీద ఈ గుడ్డే పరిచేవారు. క్రమంగా గుడ్డ పేరు బల్లకు అంటుకుంది. బల్ల నుంచి అది ఉన్న గదికి, గది నుంచి అందులో కూర్చునే గుమాస్తాలకు పాకింది. 18వ శతాబ్దానికి బల్ల దశ తిరిగింది. 15వ లూయీ కోసం 1760లో ఊబెన్ అనే వడ్రంగి మొదలుపెట్టగా 1769లో రీస్‌నర్ అనే మరో వడ్రంగి పూర్తిచేసిన ‘రాజుగారి బ్యూరో’ వెర్సాయ్ ప్యాలెస్‌లో ఉంది. పైన చుట్టుకుపోయే మూత. దాన్ని లాగి తాళం వేస్తే రాజుగారి కాగితాలు ఎవరి కంటా పడవు.

గుమాస్తాల పెత్తనమూ ఆ కాలానికే విసుగు తెప్పించింది. వాణిజ్య శాఖలో పెద్ద ఉద్యోగం చేసిన వాఁసాఁ ద గూర్నే దీన్ని ‘బ్యూరో పిచ్చి’ అని వెక్కిరించాడు. రాజరికం, ప్రజాపాలన లాంటి వాటి సరసన దీన్నీ ఓ పాలనా పద్ధతిగా చేర్చి ‘బ్యూరోక్రసీ’ అన్నాడట. ఆయన పోయాక, 1764లో గ్రిమ్ అనే రచయిత రాసిపెట్టాడు కాబట్టి మనకు తెలిసింది. ముతక ఫ్రెంచి గుడ్డకు గ్రీకు ‘క్రాటోస్’ (అధికారం) తోక తగిలించడంలోనే సగం వెటకారం ఉంది.

ఇరుగుపొరుగు దేశాలు ఎవరికి కావలసింది వాళ్లు తీసుకున్నాయి. జర్మన్ ‘బ్యూరో’ ఆఫీసు అర్థమే ఉంచుకుంది. పోలిష్‌లో ఆఫీసు ‘బ్యూరో’, రాతబల్ల ‘బ్యూర్కో’. స్వీడిష్ ‘బ్యూరో’ సొరుగుల పెట్టె కూడా, ఏజెన్సీ కూడా. బ్రిటన్‌లో మూత దించి రాసుకునే బల్ల; అమెరికాలో బట్టలు పెట్టుకునే సొరుగుల అర. మెక్సికోలో ‘బురో’ మంచం పక్కన ఉండే చిన్న బల్ల. రష్యన్లు దానికి ‘పొలిట్’ చేర్చారు. అది కమ్యూనిస్టు పార్టీలకే పరిమితం కాలేదు, తెలుగుదేశం పార్టీకీ ఓ పొలిట్‌బ్యూరో ఉంది. ఫ్రెంచిలో నాటకం ‘మూసిన బ్యూరోలతో’ ఆడిందంటే టికెట్లన్నీ అమ్ముడుపోయాయని.

మన తీరంలో పుదుచ్చేరి, యానాంలలో ఫ్రెంచివాళ్లు, మద్రాసులో ఇంగ్లీషువాళ్లు ఈ మాట వాడేవాళ్లే. తమిళంలో ‘బీరో’ అయింది, మనకు ‘బీరువా’. అప్పటికే పోర్చుగీసుల ‘అర్మారియో’ నుంచి వచ్చిన అలమర ఉంది. దాని మూలమైన లాటిన్ మాట ఆయుధాలూ పనిముట్లూ దాచే చోటు. అలమర గోడలో ఇమిడిపోతే, బీరువా పెళ్లి సామాన్లలో చేరి లారీ ఎక్కింది. ఉక్కు బీరువాలొచ్చాక గోద్రెజ్ పేరు దానికి ఇంటిపేరైంది. యూరప్‌లో అంత వైభవం చూసిన రాతబల్ల అర్థం మాత్రం తెలుగులోకి రానే లేదు. దానికి మనం ఇంగ్లీషు ‘టేబుల్’నే తెచ్చుకున్నాం.