ఒడిశా సరిహద్దులో సేవాసంస్థ నడపడం: అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు స్వచ్ఛంద సంస్థలో చేరదామనుకునే తెలుగు పిల్లలూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ తరచు అనే మాటలివి.

అపోహ: సేవ చేసేవాళ్లు జీతం తీసుకోకూడదు.

వాస్తవం: చట్టం అలా అనలేదు. పనికి తగ్గ జీతం తీసుకోవచ్చు. స్థాపకులకో, వాళ్ల బంధువులకో తగినదానికి మించి చెల్లిస్తేనే పన్ను మినహాయింపుకు ముప్పు. అందుకే డైరెక్టరు జీతాన్ని కమిటీ ఆయన లేనప్పుడు చర్చించి, మినిట్స్ పుస్తకంలో రాయాలి.

అపోహ: సీఎస్ఆర్ (కంపెనీలు చట్టప్రకారం సమాజసేవకు పెట్టే) డబ్బులో 5 శాతానికి మించి జీతాలకు వాడకూడదు.

వాస్తవం: సంస్థల్ని ఎక్కువగా దెబ్బతీసేది ఈ అపోహే. ఆ 5 శాతం హద్దు కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టే ఖర్చుకు. మీ ప్రాజెక్టు కోసం ఊళ్లు తిరిగే కార్యకర్త జీతం ప్రాజెక్టు ఖర్చే. ఇది తెలియక, కంపెనీవాళ్లు అడగకముందే సంస్థవాళ్లే బడ్జెట్లోంచి అకౌంటెంటును తీసేస్తారు. ఆరు నెలలకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూపే పత్రం) కోసం లెక్కలు సిద్ధంచేసే మనిషి ఉండడు. రెండో విడత డబ్బు ఆగుతుంది. గజపతి జిల్లా గుమ్మా కొండలెక్కే కార్యకర్తకు జీతం అందదు. మంచి మనుషులు పని వదిలేసేది ఇలాంటప్పుడే.

విదేశీ విరాళాల లెక్క వేరు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో పాలనా ఖర్చు హద్దు 50 నుంచి 20 శాతానికి తగ్గింది. డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. దీనికి ఖాతా వేరు, పద్దు పుస్తకం వేరు.

అపోహ: రిజిస్ట్రేషన్ అయితే నిధులు వచ్చేస్తాయి.

వాస్తవం: ఏడుగురితో 1860 చట్టం కింద సొసైటీ నమోదు చేయించడం మొదటి మెట్టే. ఆపైన పాన్, బ్యాంకు ఖాతా, 12ఏబీ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు), సీఎస్ఆర్-1 (కంపెనీ నిధులు తీసుకోవడానికి నమోదు). కంపెనీ నిధులకు కనీసం మూడేళ్ల పని చూపాలి. విదేశీ నిధుల నమోదుకు మూడేళ్లు నిండడంతోపాటు ఆ మూడేళ్లలో 15 లక్షలు అసలు పని మీద ఖర్చు పెట్టి ఉండాలి. అంటే తొలి మూడేళ్లూ దాతలు చుట్టుపక్కలవాళ్లే.

అపోహ: ఈ పేద జిల్లాల్లో ఇచ్చేవాళ్లెవరు?

వాస్తవం: గంజాం జిల్లాలోనే మొదలైన గ్రామ్ వికాస్ అనే స్వచ్ఛంద సంస్థ నీళ్లు, మరుగుదొడ్ల పథకంలో ఊళ్లోని ప్రతి ఇల్లూ చేరాలని పట్టుబట్టింది. ఇంటికి సగటున వెయ్యి రూపాయలు మూలనిధిలో వేయించింది. తర్వాత ఊళ్లో కొత్త కాపురాలు వెలిస్తే వాటికి ఆ నిధి వడ్డీతోనే సౌకర్యం. అడిగే పద్ధతి ఉంటే పేద ఊరూ ఇస్తుంది.

పట్నం వర్తకుల దగ్గర జాగ్రత్త: నగదు 2000 రూపాయలు మించితే 80జీ మినహాయింపు రాదు, చెక్కో యూపీఐయో అడగండి. దాత పాన్ అప్పుడే రాసుకోండి. మార్చితో ముగిసిన ఏడాది విరాళాల వివరాలు మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేస్తేనే దాతకు సర్టిఫికెట్ వస్తుంది. అది అందని దాత మరుసటేడు ఇవ్వడు.

అపోహ: ఇక్కడ తెలుగు వస్తే చాలు.

వాస్తవం: బజారులో చాలు. కార్యాలయంలో ఫైలు ఒడియాలో ఉంటుంది. కొండ మీద గజపతిలో సవర భాష, రాయగడలో కువి, మల్కన్‌గిరిలో కోయ. గ్రామసభ తీర్మానం ఒడియాలో రాసి ముందు పెడితే, చదవలేని డైరెక్టరు ఏం రాశారో తెలియకుండానే ఒప్పుకోవాల్సి వస్తుంది. కనీసం లిపి నేర్చుకుని వెళ్లండి.