ఆయిల్ ప్లాంట్లు మూలపడ్డాయి సరే, వాటి కార్బన్ ఎటు పోయింది?

విశాఖలో కరెంటు తయారీ, కార్బన్ అనగానే అందరి చూపూ పరవాడ దగ్గరి సింహాద్రి బొగ్గు ప్లాంటు పొగగొట్టాల మీదికే పోతుంది. కానీ కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ జాబితాల్లో విశాఖదే ఇంకో చిన్న ప్లాంటు కూడా ఉండేది. ఎల్‌వీఎస్ పవర్, 36.8 మెగావాట్లు, డీజిల్ ఇంజిన్ల కోవలో. అసలు ఇంత చిన్న ప్లాంట్లు ఎందుకు పుట్టాయి?

1991లో కరెంటు తయారీలోకి ప్రైవేటు వాళ్లని రానిచ్చారు. అప్పట్లో కోతలు మామూలు, బొగ్గు ప్లాంటు కట్టాలంటేనేమో ఏళ్లు పడుతుంది, ఇంజిన్లు తెచ్చి బిగిస్తే మాత్రం చాలా త్వరగా కరెంటు వచ్చేస్తుంది, అందుకే 1990ల మధ్యలో నాఫ్తా, ఫర్నేస్ ఆయిల్ ప్లాంట్లకి కేంద్రం ఊ అంది. విశాఖలో రిఫైనరీ ఎటూ ఉంది. 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టింది, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. పెట్రోలు, డీజిల్ తీశాక అడుగున మిగిలే నల్లటి చిక్కటి సరుకే ఫర్నేస్ ఆయిల్. మామూలుగా అది సరిగ్గా పారదు. ఆవిరి గొట్టాలతో వేడెక్కించి, గిర్రున తిరిగే సెపరేటర్లలో నీళ్లూ మడ్డీ తీసేసి, మళ్లీ వంద డిగ్రీలు దాటించాకే ఇంజిన్లోకి కొడతారు. పెద్ద ఓడల్లో ఉండే ఇంజిన్లూ ఈ జాతివే.

టన్ను ఫర్నేస్ ఆయిల్ కాలిస్తే సుమారు 3.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మంచి ఇంజిన్ అయితే యూనిట్‌కి 0.7 కిలో దాకా. 36.8 మెగావాట్లూ రోజంతా నడిస్తే 600 టన్నులు దాటుతుంది. బొగ్గుకి యూనిట్‌కి దాదాపు కిలో. అంటే కార్బన్ ఒక్కటే చూస్తే ఆయిల్ ఇంజినే నయం (గంధకం, మసి విషయంలో మాత్రం ఫర్నేస్ ఆయిల్‌ని వెనకేసుకు రాలేం).

అయినా మూలపడ్డది ఆయిలే, కారణం ధర. ముందు చవక కరెంటు కొనాలన్నది మెరిట్ ఆర్డర్ పద్ధతి. 2002లో సింహాద్రి మొదటి వెయ్యి మెగావాట్లు వచ్చాయి, 2008 జులైలో క్రూడ్ బ్యారెల్ 147 డాలర్లు తాకింది. ఇక ఆయిల్ కరెంటు ఎవరు కొంటారు? ఈ లెక్కలో కార్బన్‌కి చోటే లేదు. 2010 జనవరిలో కాలుష్య సూచీలో 70.82 వచ్చిందని విశాఖలో కొత్త పరిశ్రమలకి అనుమతులు ఆపినప్పుడూ అంతే. ఆ సూచీ చూసేది గాలి, నీరు, నేల. కార్బన్ డయాక్సైడ్ అందులో లేదు.

నాకు బాధ కలిగించేది ఆ తర్వాత జరిగినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక రోజుల తరబడి కరెంటు లేక, జనరేటర్ ఉన్నవాళ్లు దాని మీదే బండి లాగించారు. ఇప్పుడు అపార్టుమెంటు కొనేవాళ్లు పవర్ బ్యాకప్ ఉందా అని ముందే అడుగుతున్నారు. లీటరు డీజిల్‌కి చిన్న జనరేటర్ మూడు, మూడున్నర యూనిట్లు ఇస్తుంది, 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. యూనిట్‌కి 0.8, 0.9 కిలో! పాత ఆయిల్ ఇంజిన్ కన్నా ఎక్కువే, పైగా పొగ నేరుగా పక్కింటి కిటికీలోకి. ఆ డీజిల్ దేశం మొత్తం అమ్మకాల్లో కలిసిపోతుంది, ఏ వీధిలో ఎంత కాలిందో విడిగా తేలదు.

తేల్చడం అసాధ్యమేం కాదు. ఏ ఫీడర్‌లో (వీధులకి కరెంటు మోసే లైన్లో) ఎన్ని గంటలు కరెంటు పోయిందో ఇక్కడ కరెంటు పంపిణీ చేసే ఈపీడీసీఎల్ దగ్గర ఉంటుంది, దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. పెద్ద జనరేటర్లకి విద్యుత్ తనిఖీ అధికారుల అనుమతి కావాలి కాబట్టి ఆ వివరాలూ ఉంటాయి. ఈ రెండూ కలిపి వార్డుల వారీగా జనరేటర్ల కార్బన్ ఎంతో ఏటా బయట పెట్టమని మనం గట్టిగా అడగాలి.