ఆన్‌లైన్ అమ్మకాల్లో డిస్కౌంట్లు: అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవారికి ధరలు, ఆఫర్ల విషయంలో సలహా ఇవ్వడం కొన్నేళ్లుగా నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న "ఎంత శాతం తగ్గించమంటారు?" అన్నదే. అది దేనికోసం పెడుతున్న ఖర్చు అని నేను ఎదురు అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. ప్రకటనలకు పెట్టే డబ్బును ఖర్చుగా రాసుకునేవారు కూడా డిస్కౌంటును లెక్కల పుస్తకంలో ఎక్కడా చూపరు. చాలా అపోహలు అక్కడే పుడుతున్నాయి.

అపోహ: ధర కొంచెం తగ్గితే అమ్మకాలు పెరుగుతాయి, వాటితో పాటు లాభమూ పెరుగుతుంది.

వాస్తవం: అమ్మకాలు పెరగవచ్చు గానీ, లాభం సంగతి లెక్క వేస్తేనే తెలుస్తుంది. ఒక వస్తువు ధర 100 అనుకుందాం. కొనుగోలు ఖర్చు, ప్యాకింగ్, షిప్పింగ్, చెల్లింపు రుసుము అన్నీ కలిపి 60 అయితే, మీకు మిగిలేది 40. ధరను 20 శాతం తగ్గిస్తే ఖర్చు అలాగే ఉంటుంది కాబట్టి మిగులు 20కి పడిపోతుంది. అంటే మునుపటి లాభమే రావాలన్నా రెట్టింపు సరుకు అమ్మాలి. తగ్గింపు 10 శాతమైతే మూడో వంతు ఎక్కువ అమ్మితే సరిపోతుంది, 30 శాతమైతే నాలుగు రెట్లు అమ్మాలి. పది శాతానికీ ముప్పై శాతానికీ మధ్య ఇంత దూరం ఉందని కాగితం మీద చూసుకున్నాక ఆఫరు మానుకున్నవారు నాకు తెలుసు. పైగా ఈ లెక్కలో రిటర్నులు లేవు. చౌకగా వచ్చిందని ఆలోచించకుండా కొన్నవారు తిప్పి పంపినప్పుడు రానుపోను షిప్పింగ్ మీ నెత్తిన పడితే, ఆ ఆర్డరు మీద లాభం మాట అటుంచి చేతి చమురు వదులుతుంది.

అపోహ: ఆఫరు రోజుల్లో వచ్చిన ఆర్డర్లన్నీ ఆఫరు తెచ్చినవే.

వాస్తవం: వాటిలో కొన్ని ఎలాగూ వచ్చేవే. వచ్చే నెలలో కొనాలనుకున్న పాత కొనుగోలుదారు ఆఫరు చూసి ఈ నెలలోనే కొనేస్తాడు, కాబట్టి ఆఫరు ముగిసిన తర్వాతి వారాల్లో అమ్మకాలు మామూలు కంటే కిందికి దిగుతాయి. ఆ తరుగును కూడా కలుపుకొని చూడకపోతే ఆఫరు ఫలితం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. నేను పాటించే పద్ధతి చాలా సాదా అయినది: కొనుగోలుదారుల జాబితాలోంచి పది శాతం మందిని లాటరీ తీసినట్లు ఏరి పక్కన పెట్టి, వారికి తప్ప మిగతా అందరికీ కూపన్ పంపుతాను. నెల తర్వాత రెండు గుంపుల్లోనూ తలసరి లాభం ఎంతో పోల్చి చూస్తే కూపన్ ఏమి సాధించిందో బయటపడుతుంది. ఆ పది శాతం మంది అమ్మకాలు పోతాయని బెంగపడేవారికి ఈ పద్ధతి రుచించదు, కానీ ఇంతకంటే చవకైన పరీక్ష నాకు తెలియదు.

అపోహ: కొట్టివేసి చూపే పాత ధర ఎంత పెద్దదిగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: పక్కన ఉన్న పెద్ద అంకెతో పోల్చుకొని చిన్న అంకెను చౌక అనుకోవడం మనిషి స్వభావమే, అందులో సందేహం లేదు. అయితే ఆ పెద్ద ధరకు వస్తువును ఎప్పుడైనా నిజంగా అమ్మకానికి పెట్టారా అన్నది చట్టం అడిగే ప్రశ్న. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం, తగ్గింపు ప్రకటించేటప్పుడు చూపే పాత ధర, సాధారణంగా, అంతకు ముందు కనీసం 30 రోజుల్లో అమ్మిన ధరల్లోకెల్లా తక్కువదై ఉండాలి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాలు కూడా ఊహించి రాసిన పాత ధరను మోసపూరితంగానే పరిగణిస్తాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ధరల చరిత్రను గీత గీసి చూపే ఉపకరణాలు ఇప్పుడు కొనేవారి చేతుల్లోనే ఉన్నాయి.

అపోహ: కూపన్ కోడ్ పెట్టడం వల్ల నష్టమేమీ లేదు, ఉన్నవారు వాడుకుంటారు, లేనివారు మామూలు ధరకు కొంటారు.

వాస్తవం: చెల్లింపు పేజీ దాకా వచ్చిన మనిషిని ఒకసారి దగ్గరగా గమనించండి. చిరునామా నింపాడు, కార్డు చేతిలో ఉంది, అంతలో "కూపన్ కోడ్ ఇక్కడ నమోదు చేయండి" అనే ఖాళీ పెట్టె కనిపించింది. తనకు దక్కనిది ఇంకెవరికో దక్కుతోందన్న అనుమానంతో ఇంకో ట్యాబ్ తెరిచి కోడ్ కోసం వెతుకుతాడు, గడువు తీరిన నాలుగు కోడ్‌లు వేసి చూసి విసుగెత్తి వెళ్లిపోతాడు. అందుకే ఆ పెట్టెను చిన్న లింకు వెనుక దాచమనీ, ఆఫరు పంపిన లింకు నొక్కగానే తగ్గింపు దానంతట అదే పడేలా చూడమనీ చెబుతుంటాను.

కోడ్‌ల విషయంలో నేనూ దెబ్బ తిన్నాను. అందరికీ 20 శాతం తగ్గింపు నడుస్తుండగా, కొత్తవారికి ఉద్దేశించిన 15 శాతం కోడ్‌ను ఆపడం మరిచిపోయాను. ఆ కోడ్‌ను ఒక్కొక్కరు ఒక్కసారే వాడాలన్న పరిమితి కూడా పెట్టలేదు. అది ఎవరి ద్వారానో బయటికి పొక్కింది. రెండూ కలిస్తే 35 శాతం కాదు, 32 శాతమే అవుతుంది, ఎందుకంటే రెండోది తగ్గిన ధర మీద పడుతుంది. ఆ మాత్రం చాలదా! 100 ధర 68కి దిగి, పై లెక్క ప్రకారం మిగలాల్సిన 40లో 8 మిగిలింది. తెల్లవారి ఆర్డర్ల సంఖ్య చూసి కాసేపు సంతోషించిన మాట కూడా నిజమే.

అపోహ: డిస్కౌంట్లు అలవాటైనా ఫర్వాలేదు, కావలసినప్పుడు ఆపేయవచ్చు.

వాస్తవం: అమెరికా డిపార్ట్‌మెంట్ స్టోర్ల సంస్థ జేసీ పెన్నీ 2012లో కూపన్లనూ తరచూ పెట్టే సేల్‌లనూ తీసేసి, రోజూ ఒకే తక్కువ ధర అనే విధానానికి మారింది. ఆ ఏడాది దాని అమ్మకాలు సుమారు నాలుగో వంతు పడిపోయాయి, మార్పు తెచ్చిన ప్రధాన అధికారి రాన్ జాన్సన్ 2013 ఏప్రిల్‌లో పదవి వదలాల్సి వచ్చింది. కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, తగ్గింపు ఉంటేనే కొనడానికి అలవాటుపడినవారికి తగ్గింపు మాట లేని తక్కువ ధర ఆనలేదన్నది కాదనలేం. చిన్న అమ్మకందారుకూ ఇదే ఎదురవుతుంది. కార్ట్‌లో సరుకు వదిలి వెళ్లినవారికి మరునాడే పది శాతం కూపన్ పంపుతూ పోతే, నాలుగో నెలకల్లా మీ పాత కొనుగోలుదారులే కావాలని కార్ట్ నింపి మరునాటి దాకా ఆగుతారు. మొదటి సందేశంలో గుర్తు చేసి వదిలేయండి. తగ్గింపు ఇవ్వక తప్పదనుకుంటే, ఇంతకు ముందు ఒక్కసారి కూడా కొననివారికే పంపండి.