పేర్ల పేచీ: అమృతధార నుంచి సిఫీ దాకా

గుంటూరు బ్రాడీపేటలో ఒకరు, విజయవాడ వన్‌టౌన్‌లో ఇంకొకరు ఇంచుమించు ఒకే పేరుతో కారప్పొడి, పచ్చళ్లు అమ్ముతున్నారనుకుందాం. ఒకప్పుడైతే మధ్యలో కృష్ణ ఉంది, ఎవరి గిరాకీ వాళ్లది. ఇప్పుడు ఇద్దరికీ వెబ్‌సైట్లున్నాయి. డల్లాస్‌లో ఉన్న కోడలు అత్తగారు చెప్పిన పేరు ఫోన్లో కొడుతుంది. ఒక్క అక్షరం తేడా వస్తే ఆర్డరు పక్కవాళ్లకు పోతుంది. అప్పుడు మొదలవుతుంది టెన్షన్: పేరు ఎవరిది? "డొమైన్ (వెబ్‌సైటు చిరునామాగా వాడే పేరు) ముందు కొన్నది నేనే" అని ఒకరు, "ట్రేడ్‌మార్క్ నాకుంది" అని ఇంకొకరు. ఈ రెండు మాటల్లో ఏ ఒక్కటీ దానంతట అది నెగ్గదు. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

1901 నుంచి వాడుకలో ఉన్న అమృతధార అనే మందుకూ, 1923లో వచ్చిన లక్ష్మణధారకూ నడిచిన తగాదాను సుప్రీంకోర్టు 1962లో తేల్చింది. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి అక్షరాలు లెక్కపెట్టే పని లేదు, మామూలు తెలివీ అరకొర జ్ఞాపకమూ ఉన్న మనిషి పొరబడతాడా అన్నదే చూడాలంది. పొరబడతాడనే తేల్చింది. అయినా లక్ష్మణధారను పూర్తిగా తీసిపారేయలేదు. ఏళ్ల తరబడి నిజాయితీగా అమ్ముకుంటున్నారు, అమృతధారవాళ్లు తెలిసీ ఊరుకున్నారు కాబట్టి, ఉత్తరప్రదేశ్ వరకే అమ్ముకునే షరతుతో రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకుంది. పటం మీద గీత గీసి ఇద్దరికీ చోటిచ్చిందన్నమాట. ఆ రోజులకు అది న్యాయమైన తీర్పేనని నాకనిపిస్తుంది.

ఇంటర్నెట్ ఆ గీతను చెరిపేసింది. యాహూ సంస్థ, 'యాహూ ఇండియా' పేరుతో సైటు పెట్టినవారి మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అప్పటికి అమల్లో ఉన్న 1958 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం సరుకులకే తప్ప సేవలకు వర్తించదు. యాహూ మామూలు నిఘంటువు మాటేనని, ఇంటర్నెట్ వాడేవాళ్లు తెలివైనవాళ్లు కాబట్టి పొరబడరని ఎదుటిపక్షం వాదించింది. కోర్టు ఒప్పుకోక, 1999 ఫిబ్రవరిలో సైటును ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది రెడిఫ్, రాడిఫ్ పేర్ల కేసులో బొంబాయి హైకోర్టు డొమైన్ పేరు ఇంటి నంబరు లాంటి ఉత్త చిరునామా కాదని, ట్రేడ్‌మార్క్‌కు ఉన్నంత రక్షణ దానికీ ఉండాలని చెప్పింది.

అసలు మలుపు సిఫీ కేసు. ఇంటర్నెట్ సేవల సంస్థ సత్యం ఇన్ఫోవే పేరులోంచి పుట్టిన మాట 'సిఫీ'. ఆ సంస్థ 1999లో సిఫీనెట్ డాట్ కామ్ వంటి డొమైన్లు తీసుకుంది. 2001లో బెంగళూరు వైపు మరో సంస్థ ఒక 'ఎఫ్' ఎక్కువ చేర్చి, అదే ఉచ్చారణతో సైటు తెరిచింది. తమ ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపితే ఆ మాట వచ్చిందని చెప్పుకుంది. సివిల్ కోర్టు దాన్ని ఆపింది, హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2004 మే 6న సుప్రీంకోర్టులో జస్టిస్ రూమా పాల్, జస్టిస్ పి. వెంకటరామరెడ్డి ధర్మాసనం మళ్లీ సత్యం పక్షానే నిలిచింది. డొమైన్ల కోసం మన దగ్గర ప్రత్యేక చట్టం లేకపోయినా 'పాసింగ్ ఆఫ్' సూత్రం చాలునంది. ఒకరు తమ వ్యాపారాన్ని ఇంకొకరి వ్యాపారంగా చలామణి చేయకూడదన్న పాత సూత్రమే అది. మామూలు ట్రేడ్‌మార్క్‌ను ప్రాంతాల వారీగా పంచుకోవచ్చు, డొమైన్ ఎక్కడి నుంచైనా తెరుచుకుంటుంది కాబట్టి అలా కుదరదని కోర్టు గుర్తించింది. లక్ష్మణధారకు దొరికిన వెసులుబాటు సైటుకు దొరకదు.

2003 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చిన 1999 ట్రేడ్‌మార్క్‌ల చట్టం సేవలను కూడా రిజిస్టర్ చేయనిచ్చింది. రిజిస్ట్రేషన్ పదేళ్లు, ఆ తర్వాత రెన్యువల్. అయితే అదే చట్టంలోని 34వ సెక్షన్ ముందు నుంచి వాడుతున్నవారిని కాపాడుతుంది. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: రిజిస్ట్రేషన్ కంటే ముందు నుంచి ఉన్న వాడకానిదే పైచేయి. అందుకే పాత బిల్లులు, ప్రకటనలు, సైటు మొదట తెరిచిన నాటి రుజువులు పారేయకూడదు. చిన్న వ్యాపారులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, చూస్తే బాధేస్తుంది.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. గుంటూరు, బెజవాడ, ఆవకాయ, కారం లాంటి మాటల్ని ఎవరూ సొంతం చేసుకోలేరు. ఊరి పేరునో సరుకు స్వభావాన్నో మాత్రమే చెప్పే మాటకు, చాలాకాలం వాడకంతో అది ఒకరిదేనని జనానికి స్థిరపడితే తప్ప, 9వ సెక్షన్ రిజిస్ట్రేషన్ ఇవ్వదు. గుంటూరు సన్న మిరపకు ఉన్న జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా ఆ ప్రాంతపు రైతులందరి కోసం, ఒక దుకాణం కోసం కాదు. అలాంటి మాటలతోనే పేరు పెట్టుకుని, పక్కవాళ్లు అదే పెట్టారని కోర్టుకెళితే బలం తక్కువ.

కోర్టు కాకుండా వేరే దారీ ఉంది. డొమైన్ తగాదాలు తీర్చే విధానాలు రెండున్నాయి: డాట్ కామ్ లాంటి పేర్లకు 1999లో వచ్చిన యూడీఆర్‌పీ, డాట్ ఇన్ పేర్లకు వాటిని చూసుకునే నిక్సీ సంస్థ 2005లో తెచ్చిన ఐఎన్‌డీఆర్‌పీ. కానీ అక్కడ పేర్లు దగ్గరగా ఉంటే చాలదు, ఎదుటివారికి ఆ పేరు మీద న్యాయమైన ఆసక్తి లేదనీ, దురుద్దేశం ఉందనీ చూపాలి. బ్రాడీపేట, వన్‌టౌన్ దుకాణాలు రెండూ నిజాయితీగా పుట్టినవైతే ఆ దారి తెరుచుకోదు. మిగిలేది దావా. రిజిస్టరైన మార్క్‌ను ఉల్లంఘించారంటూ వేసే దావాను 134వ సెక్షన్ కింద హక్కుదారు తాను వ్యాపారం చేసే ఊళ్లోనే వేయొచ్చు.

ఈమధ్య పేచీ డొమైన్ దాటి వెతుకులాటలోకి వచ్చింది. ఇంకొకరి ట్రేడ్‌మార్క్‌ను గూగుల్‌లో ప్రకటన కీవర్డ్‌గా (ఆ మాట వెతికితే తమ ప్రకటన కనిపించేలా) కొనడం కూడా ఆ మార్క్‌ను వాడటమేనని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2023 ఆగస్టులో చెప్పింది. అయితే కొనేవాళ్లు పొరబడే అవకాశం లేకపోతే, వాడినంత మాత్రాన అది ఉల్లంఘన కాదంది.