గాలి కూడా పల్లం వెతుక్కుంటుంది

చిరంజీవి మనవరాలికి, శనివారం సాయంత్రాలు దానితో పాటు సైకిళ్లెక్కే పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న మీ బృందం చంద్రగిరి వైపు వెళ్లొచ్చిన రాత్రి నువ్వు ఫోన్‌లో ఒక మాట అడిగావు. "తాతా, తొండవాడ దగ్గర రోడ్డు కిందికి దిగేచోట ఒక్కసారిగా చలేసింది. మిట్ట ఎక్కగానే వెచ్చగా అయిపోయింది. మళ్లీ దిగితే మళ్లీ చలి. ఒకే సాయంత్రం, ఒకే దారి కదా, గాలి ఇన్ని రకాలుగా ఎందుకుంది?" అని. రెండు ముక్కల్లో తేల్చేసే ప్రశ్న కాదనిపించి, నిదానంగా ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. ఈ ప్రశ్న కారులో వెళ్లేవాళ్లకు పుట్టదు. అద్దాలు ఎత్తేసి కూర్చుంటారు. నడిచేవాళ్లకు చలి మెల్లమెల్లగా అలవాటైపోతుంది. సైకిల్ మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్లు నిమిషానికి 250 మీటర్లు దాటుతారు. మిట్ట నుంచి పల్లానికి నిమిషంలో దిగిపోతారు. అందుకే తేడా ఒంటికి టక్కున తెలుస్తుంది. మీ పెద్దవాళ్లు ఎవరినీ తొందరపెట్టకుండా, కబుర్లు చెప్పుకుంటూ తొక్కుతారని విన్నాను. నాకు అదే బాగా నచ్చింది.

ఇక నీ ప్రశ్న. పగలంతా నేల ఎండకు కాగుతుంది. పొద్దు వాలాక ఆ వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలి కూడా దానితో పాటే చల్లబడుతుంది. చల్లబడిన గాలి బరువెక్కుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో మీటరు ఉన్న పెట్టె నిండా 30 డిగ్రీల గాలి ఉంటే అది సుమారు 1,165 గ్రాములు తూగుతుంది. అదే పెట్టె నిండా 25 డిగ్రీల గాలి ఉంటే ఇంకో 20 గ్రాములు ఎక్కువ తూగుతుంది. 20 గ్రాములే కదా అనుకోకు. గాలికి అది చాలు. నీరు పల్లమెరుగు అంటారే, చల్లగాలికీ పల్లం తెలుసు.

నువ్వు కయ్యలకు నీళ్లు కట్టడం చూశావు కదా, పోయిన సంక్రాంతికి మీ పెద్దమామ వాళ్ల చేలో? కాలువలో నీళ్లు మెల్లగా పాకుతూ వస్తాయి. గట్టుకున్న గండి, అదే మడవ, తీస్తే పై కయ్యలోకి దిగుతాయి. అది నిండాక కింది కయ్యకు, అక్కణ్ణించి ఇంకా కిందికి. గెనిమ, అంటే గట్టు, అడ్డం వస్తే ఆగి, దాని వెనక నిలుస్తాయి. చల్లగాలి చేసేది అచ్చం ఇదే. శేషాచలం కొండల వాలు మీద పొద్దు గుంకగానే చల్లబడిన గాలి వంకల వెంబడి జారుతుంది. చేల మీదుగా పాకి, స్వర్ణముఖి ఏటి ఒడ్డున ఉన్న పల్లంలోకి దిగుతుంది. కొత్త రహదారులు ఎత్తుగా కట్ట పోసి వేశారు కదా, ఆ కట్టే గెనిమ. దాని వెనక చల్లగాలి మడుగు కడుతుంది. కట్ట కింద బండ్లు దూరిపోయే దారి ఉంటే అదే మడవ, అక్కడ కాళ్లకు గాలి తగులుతుంది. చెరువు కట్ట దిగువన ఉన్న మడి అన్నిటికంటే కింది కయ్య, రాత్రికి అదే నిండా నిండుతుంది. 2021 నవంబరు వానలకు మీ దారిలో నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో ఊళ్లో పెద్దవాళ్లను అడుగు. చలికాలం సాయంత్రం ఆ చోట్లలోనే స్వెట్టర్ కావాలనిపిస్తుంది.

ఇదంతా నాకు పుస్తకంలో కంటే ముందు పొలంలో తెలిసింది. నా చిన్నప్పుడు మా బావికి కపిల ఉండేది. ఎద్దులు వాలులో దిగుతూ ఎక్కుతూ నీళ్లు తోడేవి. తరవాత కరెంటు మోటారు వచ్చింది. కరెంటేమో రాత్రిపూట ఇచ్చేవాళ్లు. లాంతరు పట్టుకుని మా నాయన వెంట పోయేవాణ్ణి. మడవ తిప్పే పని నాది. చెప్పులు లేవు. మిట్టన చెనక్కాయల చేలో నేల గోరువెచ్చగా ఉండేది. నాలుగు గెనిమలు దిగి వరి కయ్యలోకి వచ్చేసరికి చీలమండల దాకా చలి పట్టుకునేది, తలకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. వంగితే చెంపకు చలి, నిలబడితే లేదు. ఆ ఆట ఎంతసేపు ఆడినా విసుగొచ్చేది కాదు. నిద్రొస్తే మా నాయన, "కింద పడుకోవద్దురా, మిట్టనున్న కల్లంలో పడుకో" అనేవాడు. ఆయన బడికి పోలేదు. గాలి బరువు గ్రాముల్లో ఎంతో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఏ చేను ఏ వేళకు ఎంత చల్లబడుతుందో మాత్రం ఆయనకు తెలుసు. పొలంలో పనిచేసేవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి పిల్లలూ. దారిలో ఎవరైనా గట్టున కూర్చుని కనిపిస్తే సైకిల్ ఆపి నమస్కారం పెట్టి రెండు మాటలు మాట్లాడండి.

చెరుకు తోట పక్కన ఎందుకు అంత చల్లగా ఉంటుందని మీలో ఒకబ్బాయి అడిగాడట. అది వేరే లెక్క. తడి నేల నుంచీ ఆకుల నుంచీ నీరు ఆవిరవుతూ ఉంటుంది. అలా ఆవిరి కావడానికి వేడి కావాలి, దాన్ని చుట్టూ ఉన్న గాలి నుంచే లాగేసుకుంటుంది. ఒక్క లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడితో దాదాపు 8 లీటర్ల నీళ్లు మరిగేదాకా కాచవచ్చు. చెరుకు తోట ఎన్ని లీటర్లు తాగుతుందో రైతును అడిగితే నోరు తెరుస్తారు.

రాతికొండ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. చంద్రగిరి కోట ఉన్న గుట్ట చూశారుగా, అంతా బండే. బండ పగటి వేడిని లోపలికి పీల్చుకుని చీకటి పడ్డాక కూడా వదులుతూ ఉంటుంది. తారురోడ్డూ అంతే. చలికాలంలో పాములు ఆ వెచ్చదనానికే రోడ్డు మీదికి వస్తాయి. కనిపిస్తే ఆగండి, దూరంగా ఉండండి, దాన్ని పోనివ్వండి. రాయి వేయొద్దు, ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. ఇంకా కొన్ని చెప్పాలి: హెల్మెట్ లేకుండా బయల్దేరొద్దు. వెనక ఎర్ర లైటు తప్పనిసరి. చెరుకు ట్రాక్టర్లకు చాలాసార్లు వెనక లైట్లు ఉండవు, కాబట్టి ఒకరి వెనక ఒకరుగా పోండి. మీలో అందరికంటే వెనకబడే పిల్ల ఎవరో ఆ అమ్మాయి వచ్చేదాకా అందరూ ఆగాలి. ఆ ఆగినప్పుడే గాలి బాగా తెలుస్తుంది.

బెల్లం వండే రోజుల్లో వెళ్తే ఇంకో చిత్రం కనిపిస్తుంది. గానుగ దగ్గర పొయ్యి పొగ కాస్త పైకి లేచి, ఒక ఎత్తుకు చేరాక ఇక ఎక్కలేక అడ్డంగా సాగిపోతుంది. కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉండటం వల్ల అలా జరుగుతుంది. ఆ గీత కళ్లకు కనిపించడం ఎంత గొప్ప విషయమో నేను చెప్పలేను. మీ మోకాళ్లను తాకిన చల్లదనం గంట కిందట కొండ మీద ఏ చెట్టు కిందో ఉండి ఉంటుంది. అక్కణ్ణించి వంకలు దాటి, చేలు దాటి, ఎవరికీ కనిపించకుండా మీ దాకా నడిచొచ్చింది. ఇంతకు మించి నన్ను అడగకండి, వెళ్లి చూడండి.

వచ్చే శనివారం ఆకాశం తేటగా ఉండి గాలి వీచకపోతే ఒక పని చేయండి. చిన్న థర్మామీటరు ఒకటి హ్యాండిల్‌కు కట్టుకోండి. తుమ్మలగుంట దాటాక ప్రతి మిట్టనా, ప్రతి పల్లంలోనూ ఆగి, కాసేపు నిలబడి, అంకె రాసుకోండి. పల్లంలో ఒకసారి నిలబడి చూసి, ఇంకోసారి థర్మామీటరును మోకాలి ఎత్తులో పట్టుకుని చూడండి. మబ్బు పట్టిన రోజు, గాలి గట్టిగా వీచే రోజు కూడా అదే దారిలో వెళ్లి రాసుకోండి. మూడు రోజుల అంకెలూ పక్కపక్కన పెట్టి నాకు పంపండి. ఏ రోజు తేడా తక్కువొచ్చిందో, ఎందుకో ముందు మీలో మీరే మాట్లాడుకుని, ఆ తరవాత రాయండి.

మీ
తాత