హత్సునే మికు గొంతు వెనక మనిషి ఉంది: అపోహలు - వాస్తవాలు

2024 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని కోచెల్లా మ్యూజిక్ ఫెస్టివల్‌లో హత్సునే మికు పాడింది. నీలి ఆకుపచ్చ రంగు పిలకలు రెండూ కాళ్ల దాకా వేలాడే జపాన్ యానిమేషన్ బొమ్మ. ఆ వీడియో నాకు పంపి, "ఇక మీ పని అయిపోయినట్టేనా అన్నా?" అని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను హైదరాబాద్‌లో పాటలకు పనిచేసే కీబోర్డ్ ప్రోగ్రామర్‌ని. గొంతు సాఫ్ట్‌వేర్లతో రోజూ పనే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

అపోహ: మికు ఏఐ గాయని, పాట ఇస్తే తనే పాడేస్తుంది.

వాస్తవం: మికు 2007 ఆగస్టు 31న మార్కెట్లోకి వచ్చిన సాఫ్ట్‌వేర్. తయారుచేసింది సప్పోరోలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా, లోపల పాట పాడించే ఇంజిన్ యమహా వాళ్ల వోకలాయిడ్. గొంతు సాకి ఫుజితా అనే వాయిస్ ఆర్టిస్ట్‌ది. ఆమె పలికిన శబ్దాలను చిన్న చిన్న ముక్కలుగా కోసి దాచారు. ఏ స్వరం, ఏ అక్షరం, ఎంత నిడివి అన్నది మనం ఇస్తే ఇంజిన్ ఆ ముక్కలను అతికిస్తుంది. ఇప్పుడు ఏఐతో నడిచే గాత్ర ఇంజిన్లూ వచ్చాయి, నిజమే. మికుకు పేరు తెచ్చింది మాత్రం ఆ అతికింపే.

ఒకసారి ఆ జపనీస్ గొంతుతో తెలుగు జోలపాట పాడిద్దామని కూర్చున్నా. ఆ భాషలోనూ మనలాగే మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కదా, సులువే అనుకున్నా. "లాలి" దగ్గరే ఆగిపోయింది. జపనీస్‌లో ల, ర తేడా లేదు, నా లాలి కాస్తా "రారి" అయి కూర్చుంది. "ళ" సంగతి చెప్పనే అక్కర్లేదు. తర్వాత "జో" మీద చిన్న గమకం కావాల్సి వచ్చింది. పిచ్ గీతను, అంటే స్వరం ఎత్తు చూపే గీతను, మౌస్‌తో పైకీ కిందికీ గీయడం, వినడం, చెరపడం, మళ్లీ గీయడం. నాలుగు లైన్లకు రెండు రాత్రులు పట్టింది. ఒక్క పాట వెనక ఎంత చేతిపని ఉంటుందో నాకు ఆ రోజే అర్థమైంది.

అపోహ: స్టేజీ మీద కనిపించేది హోలోగ్రామ్, అంటే గాలిలో వెలుగుతో కట్టిన నిండు బొమ్మ.

వాస్తవం: కాదు. 2010లో మికు టోక్యో కచేరీలో వాడింది పారదర్శకమైన తెర, దానిమీద ప్రొజెక్టర్ వెలుగు. 2012లో ఇదే కోచెల్లాలో దివంగత ర్యాపర్ టూపాక్‌ని చూపించింది ఇంకా పాత పద్ధతి. 1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ గాజు పలకలో ప్రతిబింబం చూపించి చేసిన ప్రదర్శనే అది, గాజుకి బదులు ఏటవాలుగా బిగించిన పల్చటి ఫిల్మ్. 2024లో మికుకు ఇవేవీ కాదు, మామూలు ఎల్‌ఈడీ తెరే పెట్టారు. అభిమానులు బాగా నొచ్చుకున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. పారదర్శక తెరలో బొమ్మ చుట్టూ స్టేజీ కనిపిస్తూ ఉంటుంది, అక్కడే నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. ఎల్‌ఈడీ మీద చూస్తే పెద్ద టీవీ చూసినట్టే.

అపోహ: మనుషులతో పనిలేదు, ట్రాక్ నొక్కితే చాలు.

వాస్తవం: గిటార్, బేస్, డ్రమ్స్, కీబోర్డ్ మనుషులే లైవ్‌లో వాయిస్తారు. పైగా వాళ్ల పని ఇంకా కష్టం. మామూలు గాయకుడు చరణం ఎత్తుకోవడం కాస్త ఆలస్యమైతే బ్యాండ్ ఇంకో రౌండ్ వాయించి సర్దేస్తుంది. మికు ఎవరికోసమూ ఆగదు. చెవిలో తాళం చెప్పే క్లిక్ శబ్దం పెట్టుకుని, ఒక్క బీట్ కూడా జారకుండా షో అంతా లాగాలి. ఆ టెన్షన్ వాయించినవాళ్లకే తెలుసు.

అపోహ: ఇలాంటి బొమ్మలు గాయకుల పొట్ట కొడతాయి.

వాస్తవం: భయం ఉత్తది కాదు, కానీ మికు మీద పెట్టుకోవాల్సింది కాదు. ఫుజితా తన గొంతు దేనికో తెలిసే రికార్డింగ్‌కి కూర్చుంది, ఆమె పేరు అందరికీ తెలుసు. భయపడాల్సింది అడగకుండా గొంతు తీసుకునేవాళ్ల గురించి. 2024లో రెహమాన్ ఒక తమిళ పాటలో ఇద్దరు దివంగత గాయకుల గొంతులను ఏఐతో వాడారు. కుటుంబాల అనుమతి తీసుకుని, డబ్బు చెల్లించామని ఆయనే చెప్పారు. అదే ఏడాది, మమ్మల్ని అడగకుండా బాలుగారి గొంతు వాడారంటూ ఆయన కుటుంబం ఒక తెలుగు సినిమా వాళ్లకు లీగల్ నోటీసు పంపిన వార్త వచ్చింది.

ఆ వార్త చదివినప్పటి నుంచి నాదొకటే పద్ధతి. "ఫలానా గాయకుడి గొంతులో ఈ పాట చేసిపెట్టు" అని ఎవరొచ్చినా ముందు ఆ గాయకుడో, ఆయన ఇంటివాళ్లో సంతకం పెట్టిన కాగితం అడుగుతున్నా. కాగితం లేకపోతే సిస్టమ్ ఆన్ చేయను.